రంగు గీత రక్ష కాగలదా?

లక్ష్మణుడు పర్ణశాల ముంగిట గీచిన గీత కథ మన పిల్లలందరకు తెలిసినదే. పరాయివాడు దాటబోయినచో ఆ గీతయే అతనిని నిలువరించునని కథ చెప్పును. నగరపాలక సంఘమువారు రోడ్డు మీద గీయించు గీతకు అట్టి మహిమ ఏమియు లేదు. అది కంటికి కనబడును గాని చక్రమును ఆపజాలదు. ఈ స్వల్ప విషయమును మరచి ఒక మహానగరము తన రోడ్ల మీద మైళ్ళ కొలది నీలిరంగు పూసినది. ఆ రంగు బాట వెంట కూడలులలో ప్రవేశించినవారిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆ నగరము లండను. అక్కడ జరిగిన పొరపాటు ఎట్టిదో, దాని వెనుకనున్న లెక్క ఏమిటో హైస్కూలు జ్యామితితోనే తెలిసికొనవచ్చును. తెలిసికొనవలసిన అవసరము మనకు కూడ కలదు. ఏలయన లండనులో వలెనే మన దేశములో కూడ వాహనములు రోడ్డునకు ఎడమవైపుననే నడచును.

నీలి బాటల కథ

సైకిలు ప్రయాణమును ప్రోత్సహింపవలెనను ఉద్దేశము మంచిదే. దానివలన పొగ తగ్గును, రద్దీ తగ్గును, ఆరోగ్యము పెరుగును. ఈ ఉద్దేశముతోనే లండను నగరములో 2008లో ఒక పథకము ప్రకటింపబడెను. శివారు ప్రాంతములనుండి నగర మధ్యమునకు పోవు పెద్ద రోడ్ల వెంట సైకిలు మార్గములు ఏర్పరచుట ఆ పథకము. వానికి ‘సైకిల్ సూపర్‌హైవేలు’ అని పేరు పెట్టిరి. మొదటి రెండు మార్గములు 2010 జులైలో తెరవబడినవి. బో అను చోటినుండి ఆల్డ్‌గేట్ వరకు పోవు మరియొక మార్గము 2011 జులైలో తెరవబడినది. దానికి రెండవ నంబరు మార్గమని పేరు.

పేరు గొప్పది. నేల మీద ఉన్నది మాత్రము, చాల చోట్ల, మీటరున్నర వెడల్పుగల నీలిరంగు పట్టీ. సైకిలునకు, పక్కన పోవు లారీకి నడుమ గట్టు లేదు, కంచె లేదు, రాయి లేదు. కొన్నిచోట్ల ఆ పట్టీ మీదనే బస్సులు నడచును. సైకిలువానికి రక్షణ అత్యవసరమైన కూడలి వద్ద పట్టీ ఆగిపోవుటయో, లేక మలుపు తిరుగు వాహనముల దారికి అడ్డముగా పోవుటయో జరిగెను.

బో వద్ద ఒక పెద్ద వలయ కూడలి కలదు. దానిపై వంతెన మీదుగా కొన్ని వాహనములు పోవును. తక్కినవి క్రింద వలయమును చుట్టి పోవును. 2011 అక్టోబరు 24వ తేదీన ఈ కూడలిలో ఒక సైకిలు ప్రయాణికుడు లారీ క్రింద పడి మరణించెను. మూడు వారములైనను గడువకముందే, నవంబరు 11వ తేదీన, అదే కూడలిలో మరియొక సైకిలు ప్రయాణికురాలు లారీ వలననే మరణించెను. మార్గము తెరచి అప్పటికి నాలుగు నెలలు మాత్రమే అయినది. 2013 జులైలో ఇదే మార్గపు రెండవ కొసయగు ఆల్డ్‌గేట్ వద్ద ఒక యువతి మరణించెను. ఆ సంవత్సరము నవంబరులో బో కూడలిలోనే మూడవ మరణము సంభవించెను. ఆ నవంబరులో రెండు వారముల వ్యవధిలో లండను నగరమంతటిలో మరణించిన సైకిలు ప్రయాణికులు ఆరుగురు.

ఇంగ్లండులో ఇట్టి మరణములపై ‘కరోనర్’ అను న్యాయాధికారి విచారణ జరుపును. 2013 అక్టోబరులో ఈ మార్గములోని మరణములను విచారించిన కరోనరు నగర రవాణా సంస్థకు ఒక హెచ్చరిక పంపెను. వాహనములనుండి వేరుచేయని ఆ నీలి పట్టీ, భద్రత లేనిచోట భద్రత ఉన్నదను భ్రమను కలిగించునని ఆమె ఆందోళన వెలిబుచ్చెను.

ఈ మరణములన్నిటికి రంగే కారణమని చెప్పుట న్యాయము కాదు. లారీ, దాని నిర్మాణము, డ్రైవరు, సిగ్నలు అన్నియు కారణములే. కాని రంగు పట్టీ ఒక పని చేసినది. సైకిలువాడు ఎచ్చట ఉండవలెనో అది చూపినది. అది చూపిన చోటు కూడలిలో మిక్కిలి ప్రమాదకరమైన చోటు. నా విమర్శ ఈ ఒక్క సంగతిపైననే.

సమాంతర రేఖలు కలియుచోటు

తిన్నని రోడ్డు మీద సైకిలు, లారీ రెండును ఒకే దిక్కునకు పోవును. వాని దారులు సమాంతర రేఖలు. సమాంతర రేఖలు కలియవని మనము చదువుకొంటిమి. నడుమ గీచిన గీత అట్టిచోట కొంత ఉపయోగపడును. ఎవరి దారి ఏదో గుర్తుచేయును.

కూడలిలో ఈ స్థితి మారిపోవును. లారీ ఎడమవైపు వీథిలోనికి తిరుగవలెను. సైకిలు తిన్నగా పోవలెను. సైకిలు బాట రోడ్డునకు ఎడమ అంచున ఉన్నది; లారీ దానికి కుడిపక్కన ఉన్నది. తిన్నగా పోవువాడు ఎడమన, ఎడమకు తిరుగువాడు కుడిన! రెండు దారులు ఖండించుకొనక తప్పదు. ఒక కాగితము మీద రెండు సమాంతర రేఖలు గీచి, కుడివైపు రేఖను ఎడమకు వంచి చూడుడు. అది తన పొరుగు రేఖను ఖండించియే పోవును. ఆ ఖండన బిందువునకు ఇరువురును ఒకే క్షణమున చేరినచో ప్రమాదము జరుగును.

రోడ్ల నిర్మాణములో ఒక సామాన్య సూత్రము కలదు. కూడలికి రాకముందే ఎడమకు తిరుగువారు ఎడమకు, తిన్నగా పోవువారు మధ్యకు, కుడికి తిరుగువారు కుడికి చేరవలెను. మోటారు వాహనముల విషయములో ఇంజనీరులు ఈ సూత్రమును ఎన్నడును మరువరు. తిన్నగా పోవు కార్ల వరుసను ఎడమకు తిరుగు కార్ల వరుసకు ఎడమవైపున పెట్టి, రెంటికి ఒకేసారి పచ్చదీపము చూపు ఇంజనీరు ఎవడును ఉండడు. సైకిలు విషయములో మాత్రము రంగు పట్టీ సరిగా ఆ పనియే చేసినది. ఇది మనుష్యుల అజాగ్రత్త కాదు. గీతలోనే ఉన్న దోషము.

ఆరు, ఎనిమిది, పది

దారులు ఖండించుకొనుటయే కాక మరియొక విశేషము కలదు. పొడవైన వాహనము మలుపు తిరుగునపుడు దాని వెనుక చక్రములు ముందు చక్రముల జాడలో నడువవు. అవి మలుపు లోపలివైపునకు జరిగి, అడ్డదారిన పోవును.

ఒక లారీ ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు నడుమ దూరము 6 మీటర్లు అనుకొందము. ముందు ఇరుసు మధ్యబిందువు 10 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తముపై తిరుగుచున్నదనుకొందము. వెనుక చక్రములు పక్కకు మరలవు గనుక, వెనుక ఇరుసును పొడిగించిన రేఖ వృత్త కేంద్రముగుండా పోవును. లారీ పొడవు ఆ రేఖకు లంబముగా ఉండును. ఇప్పుడు ఒక లంబకోణ త్రిభుజము ఏర్పడినది. కర్ణము 10 మీటర్లు. ఒక భుజము 6 మీటర్లు. పైథాగరస్ సిద్ధాంతము ప్రకారము 100 నుండి 36 తీసివేసిన 64. దాని వర్గమూలము 8. అనగా వెనుక ఇరుసు మధ్యబిందువు 8 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తముపై తిరుగును. వెనుక చక్రములు ముందు చక్రములకన్న 2 మీటర్లు లోపలికి జరిగినవన్నమాట.

ఇది పూర్తి వలయము తిరిగినపుడు వచ్చు లెక్క. కూడలిలో లారీ వలయములో నాలుగవ వంతు మాత్రమే తిరుగును గనుక తేడా కొంచెము తగ్గును. అయినను మీటరున్నరకు మించియే ఉండును. సైకిలు పట్టీ వెడల్పు ఎంత? మీటరున్నర. లారీ ముందు భాగము సైకిలువానిని తాకకుండ దాటిపోయినను, వెనుక చక్రము అతడు నిలిచియున్న చోటునంతయు ఊడ్చివేయును. లారీ ముందు భాగము దాటిపోయినది గనుక ఇక భయము లేదని సైకిలువాడు తలచు క్షణముననే అసలు ప్రమాదము వచ్చుచుండును.

పొడవైన లారీలను నడుపువారు ఈ సంగతి ఎరుగుదురు. అందుచేత ఎడమకు తిరుగుటకు ముందు వారు కొంచెము కుడికి జరుగుదురు. అప్పుడు లారీకి, కాలిబాట గట్టునకు నడుమ ఖాళీ స్థలము పెరుగును. వెనుకనుండి వచ్చు సైకిలువానికి ఆ ఖాళీ స్థలము తనకు విడిచిన దారివలె తోచును. దానిలో నీలిరంగు కూడ పూసి ఉన్నచో ఇక సందేహమేమి?

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల ఆవరణలోనే చూపవచ్చును. పొడి నేల మీద కొంచెము నీరు పోసి, ఒక విద్యార్థి సైకిలును ఆ తడిలోనుండి నడిపించి, చిన్న వలయముగా త్రిప్పవలెను. నేల మీద రెండు జాడలు పడును. వెనుక చక్రపు జాడ లోపలివైపున ఉండును. సైకిలు చక్రముల కేంద్రముల నడుమ దూరము సుమారు ఒక మీటరు. ముందు చక్రము 3 మీటర్ల వ్యాసార్ధముతో తిరిగినచో, వెనుక చక్రపు వ్యాసార్ధము 8 యొక్క వర్గమూలము, అనగా సుమారు 2.83 మీటర్లు. తేడా 17 సెంటీమీటర్లు. దీనిని కొలబద్దతో కొలిచి సరిచూచిన విద్యార్థి లారీ పక్కన ఎందుకు నిలువరాదో ఎన్నడును మరువడు.

వేగముల లెక్క

‘సైకిలువాడు లారీకి వెనుకనే ఉండరాదా?’ అని అడుగవచ్చును. లెక్క చూతము. సామాన్యముగా సైకిలు వేగము గంటకు 18 కిలోమీటర్లు, అనగా సెకండుకు 5 మీటర్లు అనుకొందము. మలుపు తిరుగబోవు లారీ వేగము తగ్గించి సెకండుకు 3 మీటర్లకు దిగినదనుకొందము. సైకిలు లారీకన్న సెకండుకు 2 మీటర్ల చొప్పున ముందుకు వచ్చును. లారీ పొడవు 10 మీటర్లయినచో సైకిలు దాని పక్కన 5 సెకండ్లు ఉండును. లారీ నెమ్మదించిన సమయములోనే, అనగా అది తిరుగబోవు సమయములోనే, సైకిలువాడు దాని పక్కకు వచ్చి చేరుచున్నాడు.

లారీ తిరుగుచున్నదని అతడు గ్రహించి బ్రేకు నొక్కుటకు ఒక సెకండు పట్టును. ఆ సెకండులో సైకిలు 5 మీటర్లు పోవును. బ్రేకు పట్టిన తరువాత సెకండుకు రెండున్నర మీటర్ల చొప్పున వేగము తగ్గినచో, ఆగుటకు రెండు సెకండ్లు, మరి 5 మీటర్లు కావలెను. మొత్తము 10 మీటర్లు. ఇంచుమించు లారీ పొడవంత! అంత స్థలము అతని ముందు ఉండదు.

ఇక డ్రైవరు మాట. లండనులో లారీ డ్రైవరు కుడివైపున, నేలకు చాల ఎత్తున కూర్చుండును. ఎడమ తలుపు క్రింద, దానికి కొంచెము ముందు, వెనుక నున్న స్థలము అతని కంటికి నేరుగా కనబడదు. అద్దములు కొంత సహాయము చేయును. కాని ఆ కొద్ది క్షణములలో అతడు ముందున్న దీపమును, దాటుచున్న పాదచారులను, కుడి అద్దమును, ఎడమ అద్దములను అన్నిటిని చూడవలెను. నగర రవాణా సంస్థ ప్రకటించిన అంకెలు ఈ కష్టమును స్పష్టముగా చూపును. 2015 నుండి 2017 వరకు లండనులో వాహనములన్నియు కలిసి నడచిన దూరములో పెద్ద సరకు లారీల భాగము నూటికి 4 మాత్రమే. సైకిలు ప్రయాణికులు మరణించిన ప్రమాదములలో వాని భాగము నూటికి 63.

రంగు వలన మేలు లేదా?

రంగును సమర్థించువారు చెప్పు మాటలను కూడ వినవలెను. రంగు డ్రైవరును హెచ్చరించునని, ఖర్చు తక్కువయని, ఏమియు లేనిదానికన్న ఇది మేలుగదా యని వారందురు. మొదటి మాటలో కొంత సత్యము కలదు. అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరములో 1997 నుండి 1999 వరకు పది చోట్ల సైకిలు దారికి నీలిరంగు పూసి, అంతకు ముందు, ఆ తరువాత జనుల ప్రవర్తనను పరిశీలించిరి. సైకిలువానికి దారి యిచ్చిన మోటారువారు నూటికి 72 నుండి 92కు పెరిగిరి. ఇది మంచి ఫలితమే.

అదే పరిశోధనలో మరియొక ఫలితము కలదు. తల త్రిప్పి వెనుకకు చూచుకొనిన సైకిలువారు నూటికి 43 నుండి 26కు తగ్గిరి. చేతితో సంజ్ఞ చేసినవారు 11 నుండి 5కు తగ్గిరి. రంగు ఒకరి జాగ్రత్తను పెంచి మరియొకరి జాగ్రత్తను తగ్గించినది. ఎవరి జాగ్రత్త తగ్గినదో గమనింపుడు. ప్రమాదము జరిగినచో దెబ్బ తినువాని జాగ్రత్త! వందమందిలో 92 మంది దారి యిచ్చినను, మిగిలిన 8 మంది వచ్చునపుడు అతడు వెనుకకు చూచుట లేదు.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్ నగరమునందలి అనుభవము ఇంకను ఆశ్చర్యకరము. అక్కడ కూడలి మధ్యగా సైకిలు పోవు దారికి నీలిరంగు పూయు పద్ధతి కలదు. సోరెన్ యెన్సెన్ అను పరిశోధకుడు సిగ్నలు దీపములుగల 65 కూడలులను పరిశీలించి 2008లో ఫలితములు ప్రకటించెను. కూడలిలో ఒక్క దారికి మాత్రమే రంగు పూసినచోట ప్రమాదములు నూటికి 10 తగ్గినవి. రెండు దారులకు పూసినచోట నూటికి 23 పెరిగినవి. నాలుగు దారులకు పూసినచోట నూటికి 60 పెరిగినవి. గాయపడినవారి సంఖ్య చూచినను ఇదే వరుస కనబడినది: ఒకటైనచో తగ్గుదల, రెండైనచో పెరుగుదల, నాలుగైనచో రెట్టింపునకు మించిన పెరుగుదల.

మందు మేలు చేసినదని నాలుగు మోతాదులు ఒకేసారి మింగినవాని గతివలె ఉన్నది ఇది. కారణమేమి? పెరిగిన ప్రమాదములలో ముఖ్యమైనవి రెండు రకములు: ముందు వాహనమును వెనుక వాహనము గ్రుద్దుట, ఎర్రదీపమును దాటివచ్చిన కారు అడ్డముగా పోవు వాహనమును తాకుట. ఒక్క గుర్తు ఉన్నచో చూపు దానిపై నిలుచును. నాలుగు గుర్తులున్నచో చూపు నేల మీది రంగులపై చెదరి, సిగ్నలునుండి, ముందు వాహనమునుండి మరలిపోవుచున్నదని ఊహింపవచ్చును. మనుష్యుని అవధానము కొలత గలది. ఒకచోట ఖర్చు చేసినది మరియొకచోటికి రాదు.

నెదర్లండ్సులో దీపములు లేని 540 కూడలులను పరిశీలించి 2011లో ప్రకటించిన ఒక పరిశోధనలో కూడ, ఎర్రరంగు పూసి స్పష్టముగా గుర్తించిన సైకిలు దారుల వద్ద ఒక రకపు ప్రమాదములు హెచ్చుగా కనబడినవి. విద్యార్థులు ఇచ్చట ఒక హెచ్చరిక గమనింపవలెను. ప్రమాదము ఎక్కువైన చోటనే అధికారులు రంగు పూయింతురేమో! అట్లయినచో రంగు వలన ప్రమాదములు పెరిగినవనుట సరికాదు. గొడుగులు ఎక్కువగా కనబడిన దినమున వాన ఎక్కువ కురిసినంత మాత్రమున గొడుగు వానను తేలేదు గదా! అందుచేత ఈ ఒక్క పరిశోధనతో రంగును దోషిగా నిర్ణయింపరాదు. కాని అదే పరిశోధన మరియొక సంగతి చెప్పినది. సైకిలు దారిని ఎత్తుచేసి వాహనముల వేగమును తగ్గించినచోట, ఆ దారిని పెద్ద రోడ్డునుండి 2 నుండి 5 మీటర్లు దూరముగా జరిపినచోట, ప్రమాదములు తక్కువగా ఉన్నవి. అన్ని ఫలితములను కలిపి చూచిన తేలునది ఒక్కటే: రంగు ఒక సూచన, నేల ఆకారమును మార్చుట ఒక రక్షణ. మొదటిదానిని రెండవదానికి బదులుగా వాడరాదు.

స్థలములో వేరుచేయుట, కాలములో వేరుచేయుట

రెండు దారులు ఖండించుకొనుట తప్పనిదైనపుడు ప్రమాదమును తప్పించుటకు రెండే మార్గములు కలవు. ఇరువురును ఒకరికొకరు కనబడునట్లు, ఆగుటకు చోటు ఉండునట్లు స్థలమును ఏర్పరచవలెను. లేదా ఇరువురిని వేరువేరు సమయములలో పోనీయవలెను.

మొదటి పద్ధతికి నెదర్లండ్సు కూడలి మంచి ఉదాహరణము. అక్కడ మూలమలుపున ఒక చిన్న రాతి దీవిని కట్టుదురు. దానివలన వాహనము విశాలముగా, వేగముగా తిరుగజాలదు. నెమ్మదిగా గుండ్రముగా తిరుగవలెను. సైకిలు దారిని కారు పొడవంత వెనుకకు జరుపుదురు. ఎడమకు తిరుగు వాహనమునకు సమానమైన మన దృష్టాంతములో, డ్రైవరు చాలవరకు మలుపు తిరిగిన తరువాతనే సైకిలు దారిని చేరును. అప్పుడు సైకిలువాడు అతనికి పక్కన గాక ముందు అద్దములోనుండి ఎదుట కనబడును. ఆగుటకు ఒక కారు పొడవు స్థలము కూడ ఉండును.

రెండవ పద్ధతి సిగ్నలుతో చేయునది. సైకిళ్ళు తిన్నగా పోవునపుడు ఎడమకు తిరుగు వాహనములకు ఎర్రదీపము. అవి తిరుగునపుడు సైకిళ్ళకు ఎర్రదీపము. ఇందులో అర్ధమనసుతో చేసిన పని చాలదు. బో కూడలిలో రెండు మరణముల తరువాత, 2012లో సైకిళ్ళకు కొన్ని సెకండ్లు ముందుగా పచ్చదీపము ఇచ్చు ఏర్పాటు చేసిరి. ఎర్రదీపము వద్ద వేచియున్నవానికి ఇది సహాయమే. కాని పచ్చదీపము వెలిగిన తరువాత వచ్చి చేరువానికి ఆ కొన్ని సెకండ్లు గడచిపోయియుండును. అతడు మరల లారీ పక్కననే ఉండును. ఆ కూడలిలో 2013లో మరియొక మరణము జరుగనే జరిగినది.

తుదకు లండను తన పొరపాటును దిద్దుకొనినది. 2013 నవంబరులో బో నుండి స్ట్రాట్‌ఫర్డ్ వరకు పొడిగించిన భాగమును చాలవరకు గట్టు కట్టి వేరుచేసిరి. అప్పుడు ఒకే రోడ్డు మీద బోకు తూర్పున గట్టు, పడమట రంగు! తేడా తెలియుటకు వేరు పుస్తకము అక్కరలేకపోయెను. 2016 నాటికి బో నుండి ఆల్డ్‌గేట్ వరకు గల పాత భాగమును కూడ గట్టుతో పునర్నిర్మించి, ముఖ్యమైన కూడలులలో సైకిళ్ళకు వేరు సిగ్నళ్ళు పెట్టిరి. 2020 జులైలో బ్రిటిషు ప్రభుత్వపు రవాణా శాఖ ఇంగ్లండునకు వెలువరించిన సూచనలు, మోటారు రద్దీ హెచ్చుగానున్న రోడ్ల మీదనే గాక కూడలులలో కూడ సైకిళ్ళను కట్టడముతో వేరుచేయవలెనని స్పష్టముగా చెప్పినవి. 2021 మార్చి 1వ తేదీనుండి డ్రైవరునకు చుట్టుపట్ల తగినంత కనబడని పెద్ద లారీలు అదనపు రక్షణ సాధనములు లేక లండనులో తిరుగరాదని నిబంధన అమలులోనికి వచ్చెను. ఇవన్నియు చేయదగినవే. మొదటనే చేయదగినవి.

ఎందుకు చేయలేదు? రంగు త్వరగా ఆరును. గట్టు కట్టుటకు స్థలము కావలెను. ఆ స్థలము కార్లనుండి తీసికొనవలెను. సిగ్నలు కాలమును పంచవలెను. వాహనముల వరుస కొంచెము పెరుగును. రంగు పూసినచో ఇవేవియు అక్కరలేదు. ఎన్ని కిలోమీటర్ల సైకిలు బాట వేసితిమో లెక్క చెప్పుకొనుటకు కూడ వీలగును. ఆ లెక్కలో కూడలులు రావు. నూరు మీటర్ల తిన్నని రోడ్డునకు నూరు మీటర్ల లెక్క వచ్చును. ఇరువది మీటర్ల కూడలికి ఇరువది మీటర్ల లెక్కయే వచ్చును. ప్రాణము పోవుచోటు ఆ ఇరువది మీటర్లు.

మన కూడలులలో

మన పట్టణములలో అనేక కూడలుల వద్ద ఎడమకు తిరుగు వాహనములు ఎర్రదీపమునకు ఆగనక్కరలేదను ఏర్పాటు కలదు. అనగా ఎడమ మలుపు ప్రమాదము ఒక పచ్చదీపము కాలమునకే పరిమితము కాదు, సదా ఉండునది. మన లారీలలో ఎడమవైపు కూర్చున్న క్లీనరు తల బయటపెట్టి చూచి, తలుపు మీద చరచి డ్రైవరునకు చెప్పుట చాలమంది చూచియుందురు. చదువుకొనకపోయినను ఆ క్లీనరు లారీకి ఎడమ కన్నువంటివాడు. కాని అన్ని లారీలలో క్లీనరు ఉండడు, బస్సులోను ఉండడు.

కావున సైకిలు మీద పాఠశాలకు పోవు విద్యార్థులు కొన్ని నియమములు పాటింపవలెను. కూడలి వద్ద ఆగిన లారీకిగాని బస్సునకుగాని ఎడమపక్కగా దూరి ముందుకు పోరాదు. దానికి వెనుకనే, వాహనము వెనుక భాగము పూర్తిగా కనబడునంత దూరములో ఆగవలెను. ఎడమన ఎంత విశాలమైన ఖాళీ కనబడినను, అచ్చట ఏ రంగు పూసియున్నను, అది దారి కాదనుకొనవలెను. డ్రైవరు అద్దములో అతని ముఖము మీకు కనబడనిచో మీరు అతనికి కనబడరు. వెలుగు ఏ దారిన పోవునో ఆ దారినే తిరిగి వచ్చునని భౌతికశాస్త్రములో చదివినది ఇదే.

అయితే ఈ భారమునంతయు పదునాలుగేండ్ల పిల్లవాని మీద వేసి పెద్దలు తప్పుకొనుట ధర్మము కాదు. జాగ్రత్త మనుష్యులది, మనుష్యులు ఏదో ఒక దినమున ఏమరుదురు. పిల్లవాడు ఏమరిన దినమున కూడ అతనిని ఇల్లు చేర్చునట్లు కూడలిని కట్టుట ఇంజనీరుల పని, దానిని అడుగుట పౌరుల పని. మీ పాఠశాల సమీపములో ఎప్పుడైన సైకిలు బాట వేయబూనినచో, ఉపాధ్యాయులు, విద్యార్థులు వెళ్ళి చూడవలసినది తిన్నని రోడ్డును కాదు. కూడలి వద్దకు పోయి, అక్కడ గట్టు కట్టుదురా, సిగ్నలు కాలమును వేరుచేయుదురా, లేక రంగు మాత్రమే పూయుదురా అని అడుగుడు. ఆరు, ఎనిమిది, పది లెక్కను కాగితము మీద వేసి వెంట తీసికొనిపొండు.